కాటా ఎక్కని బరువు

భారతీదేవికి ఒక జబ్బుంది. ప్రోటాను పేరెత్తితే చాలు, మాట జోరందుకుంటుంది, చేతులు గాల్లోకి లేస్తాయి, చెప్పే సంగతి సగంలో ఉండగానే తనకే నవ్వు ముంచుకొస్తుంది. విజయనగరంలో బీయస్సీ చదివే రోజుల్లో లెక్చరరుగారు పాఠం ఆపి, ఇందులో నవ్వాల్సిందేముందమ్మా అని అడిగారట. ఎలక్ట్రాను బరువు ప్రోటాను బరువులో పద్దెనిమిది వందల ముప్ఫయ్యారో వంతు కదండీ అని చెప్పి ఈవిడ మళ్లీ నవ్విందట. అందులో నవ్వాల్సిందేముందో ఆయనకూ అంతుపట్టలేదు, క్లాసుకూ అంతుపట్టలేదు.

ఆ జబ్బుతోనే విశాఖపట్నంలో ఓడెక్కింది. దారి పొడుగునా కడుపులో దేవేస్తుంటే బకెట్టు పక్కన పెట్టుకుని, హైడ్రోజన్ ఒకటి, హీలియం నాలుగు, లిథియం ఏడు అని జపం చేసుకుంటూ పోర్ట్ బ్లెయిర్లో దిగింది. ఈ అమ్మాయి ఏదో గట్టి మంత్రమే పట్టిందనుకుని తోటి ప్రయాణికులు కాస్త ఎడంగా పడుకున్నారు.

ఇది డెబ్భైల మొదట్లో మాట. అప్పటికి ఆ ఊళ్లో డిగ్నాబాద్ వాలులో రేకుల కప్పు కింద ఒక తెలుగు బడి నడుస్తోంది. గుమాస్తాల పిల్లలూ, చాతం రంపం మిల్లులో పనిచేసేవాళ్ల పిల్లలూ, రేవు దగ్గరి జాలరిపేట పిల్లలూ అందరూ అందులోనే చదివేవారు. ఎనిమిదో తరగతి దాకా ఏ చిక్కూ లేదు. తొమ్మిదిలో సైన్సు తెలుగులో చెప్పుకోవచ్చని కొత్తగా అనుమతి వచ్చింది. అనుమతి వచ్చింది కానీ పిల్లలు రాలేదు. ఎనిమిది అయిందనగానే జాలరిపేటలో మగపిల్లల్ని పడవెక్కించేవారు, ఆడపిల్లల్ని చేపలు ఎండబెట్టే పనిలో కూర్చోబెట్టేవారు.

హెడ్మాస్టరు గురునాథంగారు రాజమండ్రి మనిషి. మెత్తగా మాట్లాడతాడు, చెడ్డ కబురు చెప్పాల్సి వస్తే మరీ మెత్తగా మాట్లాడతాడు. ఆ సోమవారం ఆయన గొంతు వెన్నపూసలా ఉండేసరికి భారతీదేవికి అనుమానం వచ్చింది. శనివారం విద్యాధికారి శేషయ్యగారు వస్తున్నారు. తొమ్మిదో తరగతి సైన్సుకి బెంచీలు నిండకపోతే ఆ సెక్షను ఎత్తేస్తారు. సెక్షను లేకపోతే టీచరూ అక్కర్లేదు కనక, వచ్చిన ఓడలోనే వెనక్కి వెళ్లాల్సి ఉంటుందమ్మా అని గురునాథంగారు బల్లమీది పేపరువెయిటుతో మాట్లాడుతున్నట్టుగా చెప్పాడు.

భారతీదేవికి బెంగ పట్టుకుంది. ఓడ గురించి కాదు, బకెట్టు గురించీ కాదు. కిందటి నెల ఎనిమిదో తరగతిలో, పరమాణువులో లోపలంతా ఖాళీయేనని చెప్పినప్పుడు, జాలరిపేట పిల్ల సీతాలు లేచి, అలాగయితే నాను బెంచీలోంచి కిందికెందుకు పడిపోను టీచరమ్మా అని అడిగింది. క్లాసు గొల్లుమంది. భారతీదేవి అందరికంటే ఎక్కువసేపు నవ్వి, ఆ ప్రశ్న పట్టుకుని గంట కొట్టినా వదలకుండా చెప్పింది. తన నవ్వుకి తోడు నవ్వేవాళ్లు దొరకడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి. ఇక్కణ్ణించి కదలకూడదని ఆ పూటే నిశ్చయించుకుంది.

కాబట్టి సాయంత్రమే జాలరిపేటకి నడిచింది. పేటలో ఎవరిని అడిగినా సింహాచలమ్మని అడగమన్నారు. సింహాచలమ్మ సీతాలుకి నాయనమ్మ. కళింగపట్నం వైపు నుంచి మొదట్లో వచ్చి దిగినవాళ్లలో ఒకతె. మనిషి భారీ, మాట అంతకంటే భారీ. బజార్లో ఆవిడ చేపల బుట్ట పెట్టుకున్న చోటు నుంచి ఆవిణ్ణి జరిపినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆవిడ మనవరాలు బడికి పోతే పేట పిల్లలంతా పోతారు, ఆవిడ మనవరాలు మానేస్తే అందరూ మానేస్తారు. అంతే లెక్క.

భారతీదేవి చదువు గొప్పతనం గురించి సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మొత్తం చెప్పింది. సింహాచలమ్మ వల చిక్కు తీస్తూ మొత్తం విన్నది.

"నువ్వు బాగానే సెప్తన్నావు బిడ్డా," అంది చివరికి. "గానీ నీకు ముందర ఇద్దరొచ్చినారు టీచర్లు. జహాజ్ దిగినారు, కాళ్లు ఆరకముందే ఆ ఓడే తిరిగి ఎక్కీసినారు. పిల్లలు సగం నేర్సుకుని కూకున్నారు. సగం సదువు సగం ఉడికిన అన్నంలాటిది, ఎవులికీ పనికి రాదు. నువ్వూ ఎల్లిపోతావు."

తను వెళ్లనని భారతీదేవి మాటిచ్చింది.

"మాటకి బరువేటుంది? కంటికి అగుపడతాదేటి తూసి సూడ్డానికి?"

ఇక్కడే జబ్బు తిరగబెట్టింది. కంటికి కనబడనంత మాత్రాన బరువు తెలియకుండా పోదని భారతీదేవి అందుకుంది. ఆవగింజలో కోట్లానుకోట్లు పట్టే పరమాణువులున్నాయనీ, ఎంత పెద్ద అద్దం పెట్టినా అవి కనబడవనీ, అయినా వాటి బరువు వెంట్రుకవాసి తేడా లేకుండా తేల్చేశారనీ, వాటి లోపలి ప్రోటాను బరువూ న్యూట్రాను బరువూ కూడా తేల్చేశారనీ చేతులు తిప్పుతూ చెప్పింది. చుట్టూ వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు చేతులాపి విన్నారు. వెంట్రుకవాసి తేడా కూడా ఉండదా దీదీ అని ఎవరో అడిగారు. ఉండదంది. మోసం ఉండదా అని ఇంకెవరో అడిగారు. మోసానికి చోటే లేదంది. ఎలా తూస్తారో చూపిస్తావా అని సింహాచలమ్మ అడిగింది.

"శనివారం బడికి రండి, అందరికీ చూపిస్తాను," అని చెప్పి భారతీదేవి గాల్లో తేలుతూ ఇంటికొచ్చేసింది.

జాలరిపేటలో చేప పడవలో ఒక బరువు తూగుతుంది, బజారులో వ్యాపారి కాటా మీద ఇంకో బరువు తూగుతుంది. ఆ తేడా ఎక్కడికి పోతోందని వాళ్లు ఎన్నో ఏళ్లుగా బెంగపెట్టుకుని ఉన్నారు. అలాంటివాళ్ల చెవిన పడిన మాటకి మూడు రోజుల్లో ఎన్ని కాళ్లు మొలుస్తాయో చెప్పక్కర్లేదు. మంగళవారానికి బడికి కొత్త కాటా వచ్చింది. బుధవారానికి అది ఢిల్లీ నుంచి వచ్చింది. గురువారానికి అది గాలిని కూడా తూస్తుందని చాతం నుంచి బేంబూఫ్లాట్ పోయే ఫెర్రీలో చెప్పుకున్నారు.

శనివారం పొద్దున్న శేషయ్యగారు గొడుగు పట్టుకుని వచ్చి హెడ్మాస్టరు గదిలో కూర్చుని టీ పుచ్చుకుంటూ ఉండగా, వాలు దిగువ నుంచి ఊరేగింపు వచ్చింది. ముందు నలుగురు మగవాళ్లు కావడి కట్టి మోస్తున్న సూర చేప. వెనక వంజరం చేపలు, వేలెడేసి కవళ్లు నిండిన బుట్టలు. ఒకాయన మేకని భుజాన వేసుకొచ్చాడు. ఒకావిడ నెలల బిడ్డని తెచ్చింది, ఆస్పత్రిలో తూచినప్పుడు తక్కువ చూపించారని అనుమానమట. అందరి వెనకా, తొందర లేకుండా, సింహాచలమ్మ.

బుట్టలన్నీ బాదం చెట్టు అవతల వరసగా దింపారు. అసిరయ్య అనే పెద్దమనిషి తువ్వాలుతో మొహం తుడుచుకుని, కాటా ఎక్కడెట్టినారు టీచరమ్మా, ముందర సూర చేపని ఎక్కించీగలం అన్నాడు.

ఏం జరిగిందో భారతీదేవికి అప్పుడర్థమైంది. అర్థమవగానే ఏడుపు రావాలి కదా, నవ్వొచ్చింది. అదీ మామూలు నవ్వు కాదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. గురునాథంగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. శేషయ్యగారు టీ కప్పు పట్టుకునే వరండాలోకి వచ్చి, ఈ చేపలేమిటండీ అని అడిగారు.

కాటా లేదని భారతీదేవి ఒప్పుకుంది. పరమాణువుని తూచే కాటా ఢిల్లీలోనూ లేదు, లోకంలో ఎక్కడా లేదు. జనంలో గుసగుస లేచింది. సింహాచలమ్మ మాత్రం ఒంగి తన బుట్ట చుట్టకుదురు సరిచేసుకుంది. అది ఇంటిమొహం పట్టబోయే మనిషి చేసే పని. ఆవిడ కదిలితే పేట కదులుతుంది, పేట కదిలితే బెంచీలు ఖాళీ, బెంచీలు ఖాళీ అయితే ఓడ. భారతీదేవి నవ్వు టక్కున ఆగిపోయింది.

వరండా మెట్టు దిగి ఆవిడకి అడ్డంగా నిలబడింది.

"కాటా మీద పెట్టి తూచరు పెద్దమ్మా. ఎగరేసి, కొట్టి, ఎక్కడ పడిందో చూస్తారు. ఆ తూచడం ఇప్పుడే చూపిస్తాను. నిలబడండి."

నిలబడండి అని సింహాచలమ్మతో ఎవరూ అనరు. ఆ ఆశ్చర్యానికే ఆవిడ నిలబడింది.

బడి ఆవరణలో బాదం చెట్టు కింద పిల్లలు లాంగ్ జంప్ చేసే గుంట ఉంది. చాతం మిల్లు నుంచి తెచ్చిన రంపపు పొట్టు అందులో మెత్తగా పరిచి ఉంది. గోడవార ఇంకో గోనె నిండా పొట్టు మిగిలి ఉంది. ఆ గోనెని బాదం కొమ్మకి వేలాడదీయమని భారతీదేవి అడిగిందో లేదో, పడవ తాళ్లతో బతికేవాళ్లు కనక అసిరయ్యా వాళ్లూ చిటికెలో ముడేసి వేలాడదీశారు. గుంట ముందు ఒక బెంచీ వేయించింది. మనిషి పరిగెత్తుకొచ్చి, బెంచీ ఎక్కి, ముందుకు దూకాలి. దూకిన మనిషి గాల్లో ఉండగా బడి గోడ వైపు నుంచి గోనె ఊగుతూ వచ్చి పక్కనించి తగలాలి. గోనెని ఎవరూ తొయ్యకూడదు. కిటికీ ఊచకి ఆనేదాకా వెనక్కి లాగి వదిలెయ్యాలంతే. అప్పుడు అందరికీ తగిలే దెబ్బ ఒక్కటే. ఒకే దెబ్బకి తేలికవాడు ఎక్కువ పక్కకి పోతాడు, బరువైనవాడు తక్కువ పోతాడు. పడ్డచోటు చూసి బరువు చెప్పొచ్చు.

అందరూ ఒకే వేగంతో పరిగెత్తాలి కదా అని ఆవిడ నసుగుతుంటే, దానికేటుంది అని పేటవాళ్లు హైలెస్సా ఎత్తుకున్నారు. పడవని నీళ్లలోకి నెట్టేటప్పుడు పదిమంది కాళ్లూ ఒకేసారి పడేలా చేసే పాట అది. ఆ పాటకి తప్పటడుగు వేసేవాడు పేటలో ఉండడు.

ముందుగా బరువు తెలిసిన మనిషి ఒకడు కావాలంది భారతీదేవి. కార్బన్ బరువు పన్నెండని లోకమంతా ఒప్పుకుని, మిగతావాటిని దాంతో పోల్చి చూస్తారు. ఇక్కడ కార్బన్ ఎవరు? బీపీ చూపించుకోవడానికి వెళ్లి వారం కిందటే ఆస్పత్రి కాటా ఎక్కినవాడు గురునాథంగారొక్కడే. అధికారి ముందు దూకడమా అని ఆయన గింజుకున్నాడు. ఇంతలో పాట మొదలైపోయింది. ఆ పాటకి కాళ్లు వాటంతటవే కదులుతాయేమో, హెడ్మాస్టరుగారు పంచె ఎగ్గట్టి పరిగెత్తి, బెంచీ ఎక్కి, కళ్లు మూసుకుని దూకాడు. గోనె వచ్చి ధబ్బున తగిలింది. ఆయన పొట్టులో కూలబడి, ఒకసారి ఒళ్లంతా తడుముకుని, ఏం కాలేదండోయ్ అన్నాడు. ఆ గొంతులో వెన్నపూస లేదు, చిన్నపిల్లాడి సంబరం ఉంది. ఆయన పడ్డచోట భారతీదేవి ఒక పుల్ల గుచ్చి, ఇది పన్నెండు అంది.

ఆ తరవాత జనాన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు.

నూకన్నల్ని రమ్మంది భారతీదేవి. జాలరిపేటలో ఇంటి మొదటి మగపిల్లాడికి నూకాలమ్మ తల్లి పేరు పెట్టడం ఆనవాయితీ, అందుచేత నూకన్నా అని పిలిస్తే సగం రేవు తిరిగి చూస్తుంది. ఆ పూట నలుగురు నూకన్నలు ముందుకొచ్చారు. ముగ్గురు ఎండబెట్టిన చేపల్లా బక్కగా ఉన్నారు. నాలుగోవాణ్ణి లావు నూకన్న అంటారు. వరసగా దూకారు. బక్క నూకన్నలు ముగ్గురూ గోనె దెబ్బకి ఇంచుమించు ఒకే చోట పడ్డారు. లావు నూకన్న వాళ్లకంటే ఇవతలగా పడ్డాడు.

భారతీదేవి చేతులు గాల్లోకి లేచాయి. క్లోరిన్ అని ఒక వాయువుంది, బావుల్లో కలిపే మందులో ఉండేది అదే. దాని పరమాణువులన్నిటి పేరూ క్లోరినే, పనీ ఒకటే. కానీ బరువులో రెండు రకాలు. ముప్ఫయ్యైదువి మూడుంటే, న్యూట్రాన్లు రెండు ఎక్కువ పడి ముప్ఫయ్యేడుది ఒకటి ఉంటుంది, అచ్చం మన నూకన్నల్లాగే. అందర్నీ కలిపి సరాసరి కడితే ముప్ఫయ్యైదున్నర వస్తుంది. పుస్తకంలో రాసేది ఆ సరాసరినే. ఇలా చెప్పి, బక్క నూకన్నల పుల్లలకీ లావు నూకన్న పుల్లకీ మధ్య, బక్కవాళ్లకి దగ్గరగా, తన జడ రిబ్బను కట్టిన పుల్ల ఒకటి గుచ్చింది. అదీ నూకన్నల సగటు.

"ఇక్కడ మాలో ఎవుడు పడ్డాడు టీచరమ్మా?" అని లావు నూకన్న అడిగాడు.

ఎవరూ పడలేదని ఆవిడ చెప్పింది. అక్కడ పడే నూకన్న లేడు, ముప్ఫయ్యైదున్నర బరువున్న క్లోరిన్ పరమాణువు కూడా లోకంలో లేదు.

వరండాలోంచి టీ కప్పు సాసరులో పడ్డ చప్పుడైంది. శేషయ్యగారు మెట్లు దిగి వచ్చేశారు. ఆయన చరిత్ర చదువుకున్న మనిషి. స్కూలు రోజుల నుంచీ ముప్ఫయ్యైదు మీద మిగిలే ఆ అర ఆయన్ని వేధిస్తూ ఉందట. క్లోరిన్ సగం ప్రోటానుని ఎక్కడ దాచుకుంటుందో తెలియక, అడిగితే మాస్టారు కొడతారని అడగలేక, సైన్సే వదిలేసి చరిత్రలోకి వెళ్లిపోయారట. ఇంతేనా, ఉట్టి సగటేనా అని ఆ రిబ్బను పుల్ల చుట్టూ తిరిగారు. తిరిగి తిరిగి, కళ్లద్దాలు తీసి గురునాథంగారి చేతిలో పెట్టి, ఎవరూ అడక్కుండానే వెళ్లి పరుగు మొదలెట్టే చోట నిలబడ్డారు.

శేషయ్యగారు నిలువెత్తు మనిషే కానీ ఒంట్లో కండన్నది లేదు. హైలెస్సా పాటకి లగెత్తి, అధికారి హోదాకి తగ్గకుండా దూకారు. గోనె తగిలింది. నూకన్నల పుల్లలు దాటిపోయారు, గుంట దాటిపోయారు, బాదం చెట్టు అవతల కవళ్ల బుట్టలో పడ్డారు. భారతీదేవి పరిగెత్తుకెళ్లి, హైడ్రోజన్ అండీ, అన్నిటికంటే తేలిక, ఒక్క ప్రోటానే అని సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది. ఆయన చొక్కా జేబులోంచి కవళ్లు తీసి బుట్టలో వేస్తూ, ఎంత దూరం వెళ్లానో పుల్ల గుచ్చారా అని అడిగారు.

జనం విరగబడి నవ్వుతున్నారు. మేక దూకింది, నిజంగానే దూకింది. మేకని వద్దన్నవాళ్లు లేరు. బిడ్డ తల్లిని మాత్రం ఆపారు.

ఇంత గోలలోనూ సింహాచలమ్మ నవ్వలేదు. బుట్టల మధ్య చతికిలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, దూకిన ప్రతి మనిషినీ, ఊగిన ప్రతి ఊపునీ చూస్తూ ఉంది. చివరికి చెయ్యెత్తింది. పాట ఆగిపోయింది.

"ఈడ గోనె ఒకటే గనక దెబ్బ ఒకటే. ఒప్పుకున్నాను. ఆ కనబడనివాటికి దెబ్బ ఒకటేనని ఎవుడు సూసినాడు?"

భారతీదేవి మూడేళ్లు కాలేజీలో చదివింది, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనకీ తట్టలేదు. వెళ్లి ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుంది. మొదటిసారి నెమ్మదిగా చెప్పింది. ప్రతి పరమాణువులోనూ ప్రోటాన్లున్నన్నే ఎలక్ట్రాన్లుంటాయి, రెంటికీ చెల్లుకు చెల్లు. ముందు ఒక్కో పరమాణువు నుంచి ఒక్క ఎలక్ట్రాను ఊడగొడతారు. అప్పుడు ప్రతిదానిలోనూ ఒక్క ప్రోటానుకి జత పోతుంది. అక్కడ గోనె బదులు అయస్కాంతం ఉంటుంది, అది పట్టుకు లాగేది ఆ ఒక్క జతలేనితనాన్నే. అందరికీ ఒక్కటే పోయింది కనక అందరికీ పట్టు ఒక్కటే.

"ఒకటి ఊడగొడితే బరువు తగ్గిపోదా?"

క్లోరిన్ నుంచి ఒక ఎలక్ట్రాను పోవడమంటే మీరు ముక్కుపుడక తీసి పక్కన పెట్టడంలాంటిదని భారతీదేవి చెప్పింది. సింహాచలమ్మ ముక్కుపుడక మీద వేలు పెట్టుకుని, తన ఒంటివంక ఒకసారి చూసుకుంది. పెదవి చివర కొద్దిగా కదిలింది.

"సరే, ఏక్‌దమ్ పక్కా కాటాయే," అంది. "మరి నువ్వు దూకు. ఎల్లిపోయేదానివో ఉండిపోయేదానివో, నీ బరువేటో నేను సూస్తాను."

నవ్వులు సద్దుమణిగాయి. తేలికయితే వెళ్లిపోయేదనే లెక్కని అందరికీ అర్థమైంది. భారతీదేవికి అందరికంటే ముందు అర్థమైంది. ఓడలో సగం అయిపోయి, ద్వీపం తిండి ఇంకా ఒంటబట్టని మనిషి. గోనె తగిలితే ఎక్కడుంటుందో తెలుస్తూనే ఉంది. గురునాథంగారు దగ్గరకొచ్చి, వరండాలో ఇటుకలున్నాయి, రెండు నడుముకి చీర మడతల్లో కట్టుకోండమ్మా, ఎవరూ చూడరు అని చెవిలో చెప్పాడు. ఒక్క క్షణం ఆవిడ ఇటుకల వైపు చూసింది కూడా. చూసి, ఈ కాటాలో మోసానికి చోటు లేదని చెప్పానండీ అని, కాలి చెప్పులు కూడా విప్పేసి, కొంగు బిగించి వెళ్లి నిలబడింది.

పేటవాళ్లు మళ్లీ పాట ఎత్తుకున్నారు. సీతాలు కళ్లు మూసుకుంది. భారతీదేవి పరిగెత్తింది. బెంచీ కాలికి తగిలింది, తరవాత కాలికి ఏమీ తగల్లేదు. కిటికీ దగ్గర్నించి గోనె వస్తోంది. ఇంతసేపూ బయటినించి చూసిన దెబ్బని ఇప్పుడు లోపలినించి చూడబోతున్నానని తట్టేసరికి, గాల్లో ఉండగానే, ఆవిడకి నవ్వొచ్చేసింది. గోనె వచ్చి తగిలింది.

గురునాథంగారి పుల్లని దాటింది. లావు నూకన్ననీ, సగటునీ, బక్క నూకన్నల్నీ దాటింది. హైడ్రోజన్ని కూడా దాటింది. నవ్వుతూనే వెళ్లి, బుట్టల మధ్య కూర్చున్న సింహాచలమ్మ ఒళ్లో దబ్బున పడింది. సింహాచలమ్మ అంగుళం కూడా కదల్లేదు.

భారతీదేవి తలెత్తి చూసింది. జుట్టునిండా రంపపు పొట్టు, బుగ్గమీద చేప పొలుసు. అయిపోయింది, ఇంత తేలికని అందరి ముందూ తేలిపోయింది, ఇక ఓడేనని అనుకుంది. అనుకున్నా నవ్వు మాత్రం ఆగలేదు, దాంతోపాటు కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఆ నవ్వుని సింహాచలమ్మ దగ్గర్నించి కాసేపు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆవిడ పొట్ట మెల్లగా అదరడం మొదలెట్టింది. పదేళ్లుగా పేటలో ఎవరూ వినని నవ్వు బయటికొచ్చింది. ఒళ్లో ఉన్న భారతీదేవి ఆ కుదుపుకి పడవలో ఉన్నట్టు ఊగిపోయింది.

"తేలికే," అంది సింహాచలమ్మ కళ్లు తుడుచుకుని, పేట మొత్తానికి వినబడేలా. "ఏటీ బరువు లేదు పిల్లకి. గానీ సూసినారా, ఎగిరి ఎగిరి మన ఏపే పడ్డాది."

గోనె అటునించి కొడితే ఎవరు దూకినా ఇటే పడతారు కదండీ అని గురునాథంగారు నోరు తెరిచాడు. శేషయ్యగారు ఆయన కాలు గట్టిగా తొక్కారు.

"సీతాలు సోమారం నించి వస్తాది, రాసుకోండి బాబూ," అంది సింహాచలమ్మ శేషయ్యగారితో. ఆ మాట అయ్యీ అవకముందే పక్కనున్న ఒకావిడ తన కూతుర్ని ముందుకు తోసింది, అసిరయ్య తన కొడుకు చెయ్యి పట్టుకు లాక్కొచ్చాడు, నలుగురు నూకన్నలూ నా పిల్లంటే నా పిల్లని శేషయ్యగారి చుట్టూ మూగారు. ఆయన కలం కోసం జేబులో చెయ్యి పెడితే ఇంకో బుల్లి చేప దొరికింది.

బెంచీలు సరిపోతాయో లేదో చూడాలని భారతీదేవి తత్తరపడి లేవబోయింది. సింహాచలమ్మ చెయ్యి ఆవిడ నడుం చుట్టూ పడింది. ఆ చేతి బరువు ఏ పుల్లా గుచ్చకుండానే తెలిసింది.

"యాడికెల్తావే," అంది సింహాచలమ్మ, ఆవిడ జుట్టులోంచి పొట్టు ఏరుతూ. "కూకో."